అమ్మ సంతకం

మా నాన్నకి ఒక ట్రంకుపెట్టె ఉండేది. మంచం కింద ఉండేది ఎప్పుడూ. పండక్కి ఇల్లు కడిగేటప్పుడు అమ్మ దాన్ని ఇవతలికి లాగేది, కడగడం అయ్యాక మళ్ళీ లోపలికి తోసేది. దాదాపు నలభై ఏళ్ళు ఆ పెట్టెతో ఆవిడకున్న సంబంధం అంతే. లోపల ఏముందని అడిగితే, "ఏవో కాయితాలేనే, మనకెందుకు?" అనేది.

2019లో నాన్న పోయారు. పెద్దకర్మ అయ్యాక పెట్టె తెరుద్దామంటే తాళంచెవి లేదు. అన్నయ్య సుత్తి తెచ్చి తాళం కొడుతుంటే అమ్మ అటు తిరిగి కూర్చుంది.

తెనాలిలో మా ఇంటి దస్తావేజు, ఊళ్ళో పొలం తాలూకు పాస్‌పుస్తకం, మూడు డిపాజిట్ రసీదులు, రెండు ఎల్లైసీ పాలసీలు, ఎప్పుడో కొన్న సైకిలు రసీదు, నా పదో తరగతి మార్కుల లిస్టు. వీలునామా మాత్రం లేదు. మంచి మనిషి, లెక్కల మాస్టారు, పైసాతో సహా పద్దు రాసేవారు. తాను లేని రోజు లెక్క మాత్రం వేసుకోలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది తిరుగుడు. ముందు మునిసిపాలిటీలో మరణ ధ్రువపత్రం. (21 రోజుల్లోపు నమోదు చేయించాలి. తీసుకునేటప్పుడే పది కాపీలు తీసుకోండి, ప్రతిచోటా ఒకటి అడుగుతారు.) తర్వాత తాసిల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. డిపాజిట్లలో రెండింటికి అమ్మే నామినీ కాబట్టి చిక్కు లేకుండా వచ్చేశాయి. మూడోదానికి నామినీ పేరే లేదు. వారసులందరూ రండి, సంతకాలు పెట్టండి, జామీను తెండి అన్నారు. ఒక పాలసీ నాన్న పెళ్ళికి ముందు తీసుకున్నది. నామినీ ఎవరనుకున్నారు? మా నాన్నమ్మ! ఆవిడ పోయి పద్ధెనిమిదేళ్ళయింది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టారు. ఆ ఒక్క పేరు మార్చడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

అన్నట్టు, నామినీ అంటే ఆస్తి తనదైపోయినట్టు కాదు. బ్యాంకులో డబ్బు నామినీ చేతికిస్తారు, అంతే. అందులో మిగతా వారసుల వాటా వాళ్ళకే ఉంటుంది. ఇన్సూరెన్సు విషయంలో కూడా 1984లో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. 2015లో చట్టం మార్చాక, భార్యో భర్తో పిల్లలో తల్లిదండ్రులో నామినీలైతే ఆ పాలసీ సొమ్ము వాళ్ళకే చెందేటట్టు చేశారు.

ఇవన్నీ ఓపిగ్గా తిరిగితే తేలే పనులు. తేలనిది మూడో మాసికం నాడు వచ్చింది.

భోజనాలయ్యాక అన్నయ్య నాలుగు పేజీల కాగితం తెచ్చాడు. "చెల్లాయ్, పైన మేడ వేద్దామనుకుంటున్నా. లోను కావాలంటే ఇల్లు నా పేరు మీద ఉండాలిట. నువ్వూ అమ్మా సంతకం పెడితే సోమవారం రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళొచ్చేద్దాం" అన్నాడు. దురుద్దేశంతో అన్న మాట కాదది. మా ఇళ్ళల్లో ఎప్పుడూ జరిగేదే. కూతురికి పెళ్ళిలో పెట్టేశాం, ఇల్లు కొడుకుది. నేనూ పెన్ను అందుకున్నాను, నిజం చెప్పొద్దూ! ఎందుకో గానీ, రాత్రికి చదివి పొద్దున్న పెడతానన్నాను.

అది విడుదల దస్తావేజు. మూడో పేజీలో ఉంది: నాకూ, మా అమ్మకీ ఆ ఇంటి మీద ఇక ఏ హక్కూ లేదని, ఇకమీదట అడగబోమని. నా సంగతి సరే. అమ్మకి కూడానా? పక్కన పడుకున్న అమ్మని లేపి అడిగాను, ఇదేమిటో తెలుసా అని. "కరెంటు మీటరు పేరు మార్చడానికేమో అనుకున్నానే" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మా వారికి తెలిసిన ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెప్పింది ఇదీ. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా లేకుండా పోతే, ఆయన స్వార్జితం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ, తల్లి బతికుంటే ఆవిడకీ సమానంగా వస్తుంది. అంటే మా ఇంట్లో మూడు వాటాలు. నాన్న పోయిన క్షణం నుంచీ అమ్మ ఆ ఇంటికి యజమానురాలే. ఆవిణ్ణి ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు చూస్తారు అని మేం మాట్లాడుకుంటున్నామే, అది ఆవిడ ఇంట్లో కూర్చునే మాట్లాడుకుంటున్నాం! (ముస్లిములకీ, క్రైస్తవులకీ వారసత్వ నియమాలు వేరు.)

పొలం తాతగారిది కాబట్టి దాని లెక్క వేరు. మన రాష్ట్రంలో 1985 నుంచే పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతో హక్కు వచ్చింది. కాకపోతే అప్పటికి పెళ్ళి కాని పిల్లలకే. 2005లో కేంద్రం చట్టం మార్చాక పెళ్ళయినా కాకపోయినా కూతుళ్ళందరికీ వచ్చింది. అప్పటికి తండ్రి బతికుండాలన్న నియమం కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలని కదపడానికి లేదు. మా మేనత్తకి 1979లో పెళ్ళయింది. అన్నదమ్ముల పంపకాలు 1992లోనే రిజిస్టరయ్యాయి. "రెండుసార్లూ నేను స్టాండుకి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయిందే" అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

సంతకం పెట్టనని చెప్పాను. నా వాటా గురించి కాదు, అమ్మది గురించి అని చెప్పాను. అది ఎవరి చెవికీ ఎక్కలేదు. వదిన మాటలు తగ్గించింది. ఆ సంక్రాంతికి పుట్టింటి నుంచి పిలుపు రాలేదు. "ఆస్తి కోసం అన్నని కాదనుకుంది" అని బంధువుల్లో అన్నవాళ్ళూ ఉన్నారు. వినడం కష్టంగానే ఉండేది. రాజీపడి పెట్టేద్దామా అని ఎన్నిసార్లు అనిపించిందో!

ఆఖరికి అమ్మే కదిలింది. ఉగాదికి నన్ను తనే ఫోను చేసి పిలిచింది. అన్నయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఒరేయ్, మేడ వేసుకో. లోను కాయితాల మీద నీతో పాటు నేనూ సంతకం పెడతాను. ఇల్లు మాత్రం వదలను" అంది. అమ్మ గొంతులో అంత నిబ్బరం నేనెప్పుడూ వినలేదు. నా వాటా నేను అమ్మ పేర రిజిస్టరు చేశాను. పొలంలో నాది మాత్రం ఉంచుకున్నాను. మేడ లేచింది. అన్నయ్య ఇప్పుడు బాగానే మాట్లాడతాడు, మునుపటిలా కాకపోయినా.

తర్వాత ప్లీడరు గారు అమ్మని వీలునామా రాయమన్నారు. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి, వాళ్ళూ పెట్టాలి. ఆస్తి రాబోయేవాళ్ళు సాక్షులు కాకుండా ఉంటే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే రేపు గొడవలు తగ్గుతాయి. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరిదే చెల్లుతుంది. ప్రొబేట్ అని కోర్టు చేత వీలునామాకి ముద్ర వేయించుకోవడం ఒకటుంది. మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో ఏళ్ళ తరబడి అది తప్పనిసరిగా ఉండేది. మన దగ్గర హిందువులకి ఆ నిర్బంధం లేదు.

ఆయన చెప్పిన ఇంకో సంగతి విని నేను ఉలిక్కిపడ్డాను. పిల్లల్లేని ఆడది వీలునామా రాయకుండా పోతే, ఆమె తన జీతంతో కొనుక్కున్న ఇల్లు భర్తకి వెళ్తుంది. భర్త లేకపోతే అతని వారసులకి. ఆమెని కన్న తల్లి వంతు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తయితే మాత్రం ఆమె తండ్రి వారసులకి పోతుంది. ఉద్యోగం చేసుకుంటున్న నా స్నేహితురాలు ఒకామెకి ఆ సాయంత్రమే ఫోను చేశాను.

అమ్మ వీలునామా రాసింది. పక్కింటి పిన్నిగారూ, బాబాయిగారూ సాక్షులు. ఏం రాసిందో అన్నయ్యకీ తెలీదు, నాకూ తెలీదు. అడిగితే, "నేను పోయాక తీరిగ్గా చదువుకోండి" అంటుంది. ట్రంకుపెట్టెకి కొత్త తాళం కొనిపించింది. తాళంచెవులు రెండు. ఒకటి తన బొడ్లో ఉంటుంది. రెండోది ఎక్కడుందో మా ఇద్దరికీ చూపించి మరీ పెట్టింది, దేవుడి గూట్లో కుంకంభరిణ వెనక.