కోత, తీత, ఏరటం

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో మిరపకాయలు కోస్తారు, పత్తి తీస్తారు. పనిచేసేవాళ్లు ఈ రెండు మాటల్నీ తారుమారు చేయరు. మన కథల్లో మాత్రం కూలీలు పత్తిని కూడా 'కోస్తూ' కనిపిస్తుంటారు. చేను చూడకుండా రాసిన సంగతి ఆ ఒక్క క్రియతోనే బయటపడిపోతుంది.

మిరపకోతలో కత్తి లేదు, కొడవలి లేదు. కాయను తొడిమతోసహా వేళ్లతో తుంచటమే. మరి అది కోయటమెట్లా అయింది? కోయు అనగానే మనకు ఖండించటమే స్ఫురిస్తుంది గాని, దాని పాత అర్థం అంతకన్న విశాలమైనది. తమిళంలో 'కొయ్' అంటే పూలు తుంచటమూ, పైరు కోయటమూ కూడా. మలయాళంలో పంటకోత 'కొయ్త్తు', కన్నడంలో 'కొయ్లు'. సోదర భాషల్లో హ్రస్వంగా వున్న ఒకారం తెలుగులో దీర్ఘమయింది. మొక్కనుంచి వేరుచేయటమే మూలార్థం. పనిముట్టు ప్రసక్తి తర్వాతిది. మిరప పోర్చుగీసుల వెంట వచ్చిన పంటే అయినా, క్రియ మాత్రం మనదే. పత్తి సంగతి వేరు. పగిలిన కాయలోంచి దూదిని లాగుతారు, డొప్ప చెట్టునే వుంటుంది. అందుకే అది తీత. తెలంగాణలో దానినే ఏరటమంటారు. గుంటూరు మిరప కల్లాల్లో ఏరేది తాలుకాయల్ని.

లాటిన్‌లో 'లెగెరె' అంటే ఏరటం, పోగుచేయటం; చదవటం కూడా. అక్షరాల్ని ఏరుకోవటమే చదువయింది కాబోలు. ఫ్రెంచి 'లీర్', ఇటాలియన్ 'లెజ్జెరె'లలో చదువే మిగిలింది. పొలంపని దాని సమాసమైన 'కొల్లిగెరె'కు దక్కింది. ఇటాలియన్ 'కొల్యెరె' ఈనాటికీ పూలూ పండ్లూ కోయటమే. స్పానిష్ 'కొహెర్' పట్టుకోవటమనే అర్థానికి జారి, కొన్ని లాటిన్ అమెరికా దేశాల్లో నలుగురిలో అనకూడని మాటయింది.

మన కోత పొలం వదలకుండానే వూళ్లోకి వచ్చింది: కడుపుకోత, గట్టుకోత, జీతంలో కోత. కర్నూలు పడమటి పల్లెలనుంచి పిల్లాజెల్లాతో గుంటూరు చేలకు వలసవచ్చేవాళ్లు దాన్ని 'సుగ్గి'కి పోవటమంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకాలం, ఆ కాలపు సంబరం. ఇక్కడ అది వలసకు పేరయింది. కోతకొచ్చినవాళ్ల కూలిలో కోతపడితే రెంటికీ మాట ఒకటే.

ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లోనే వ్యవసాయ వృత్తిపదకోశం వేసింది. కథ రాసేముందు దాన్ని తిరగేయవచ్చు. కోతల రోజుల్లో ప్రత్తిపాడు బస్సెక్కితే మరీ మంచిది.