గొట్టం కడగడానికి అంతసేపా?



ఎండోస్కోపీ గది బయట నాకు తరచు వినిపించే మాట ఇది: “సిస్టరమ్మా, లోపలి మనిషి బయటికొచ్చి ముప్పావు గంటయింది. ఇంకా పిలవరేం?” పరగడుపున కూర్చున్నవారికి కోపం రావడం సహజమే. ఆ ముప్పావు గంటలో ఏం జరుగుతుందో చెబుతాను.

కడుపులోకి పంపే కెమెరా గొట్టాన్ని ఒకరికి వాడి పారేయం. శుభ్రం చేసి మరొకరికి వాడతాం. దాని లోపల సన్నని దారులుంటాయి. పరికరాలు పంపే దారి వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లే, పొడవు మీటరుకు పైగా ఉంటుంది. రక్తం, జిగురు, క్రిములు అందులో చేరతాయి.

అక్కడ తడి మిగిలితే క్రిములు గోడకు అంటుకుని, చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఇది మనకు తెలియనిది కాదు. పళ్ళమీది పాచి బయోఫిల్మే. పుక్కిలిస్తే పాచి పోతుందా? తోమాల్సిందే. గొట్టమూ అంతే. తోమకుండా గ్లూటరాల్డిహైడ్ వంటి మందులో ముంచితే, పొర లోపలి క్రిములు చావకుండా మిగలవచ్చు. పైగా మిగిలిన రక్తం గట్టిపడి అక్కడే అతుక్కుపోతుంది.

అందుకే పరీక్ష అయిన వెంటనే, మంచం పక్కనే గొట్టాన్ని తుడిచి, దారుల గుండా ఎంజైము ద్రావణం లాగిస్తాం. తర్వాత ఎక్కడైనా చిల్లు పడిందేమో చూస్తాం. పొడవాటి బ్రష్షుతో, బ్రష్షుకు మురికి అంటనంతవరకు తోముతాం. కడిగి, మందులో నిర్ణీత సమయం ఉంచి, మళ్ళీ శుభ్రమైన నీటితో కడిగి, గాలి పంపి ఆరబెడతాం. తడి ఉండిపోతే రాత్రికి రాత్రే క్రిములు పెరుగుతాయి.

2015 ఫిబ్రవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో, రొనాల్డ్ రీగన్ యూ.సి.ఎల్.ఎ. ఆసుపత్రి ఒక సంగతి వెల్లడించింది. పిత్తనాళ పరీక్షకు వాడే డ్యుయోడెనోస్కోపుల ద్వారా, మందులకు లొంగని క్రిములు ఏడుగురికి సోకాయి. వారిలో ఇద్దరి మరణానికి అవీ ఒక కారణం. కంపెనీ చెప్పినట్టే శుభ్రం చేశామని ఆసుపత్రి చెప్పింది. ఆ గొట్టం చివరనున్న కదిలే చిన్న మీట వెనక బ్రష్షు అందడం కష్టం. 2019లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ., చివరి భాగం వాడి పారేసే రకాలకు మారమని ఆసుపత్రులకు సలహా ఇచ్చింది.

ఒకసారి రద్దీ రోజున కొత్త సిస్టరొకామె తోమకుండానే గొట్టాన్ని మందులో పెట్టబోయింది. ఆపి, మొదటినుంచి చేయించాను. ఆ అరగంట బయటివారితో మాటలు పడ్డాను. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ పడతాను.

షుగరున్నవారు ముందే చెప్పండి, మొదట పంపే ప్రయత్నం చేస్తాం. పరీక్ష తర్వాత జ్వరం, చలి, కడుపునొప్పి, కామెర్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా రండి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా “గొట్టం తోమి ఆరబెట్టారా?” అని అడగండి. అడగడం తప్పు కాదు.

– నర్సింగ్ సూపరింటెండెంట్