ఆవు పాలు పితికేంతసేపు

గృహస్థునికి విధించిన పంచమహాయజ్ఞాలలో నాలుగింటిని మనం ఏదో ఒక రూపంలో నిలుపుకొంటూనే ఉన్నాము. దేవునికి దీపం పెడుతున్నాము. పితృదేవతలకు తద్దినాలు పెడుతున్నాము. భూతయజ్ఞమన్న పేరు తెలియకపోయినా కాకికి ముద్ద, కుక్కకు రొట్టెముక్క వేస్తున్నాము. పారాయణల రూపంలో బ్రహ్మయజ్ఞం కొంతైనా సాగుతోంది. ఇంటి గడపలో మరుగున పడిపోయినది మనుష్యయజ్ఞం, అంటే అతిథి పూజ.

విష్ణుపురాణం తృతీయాంశంలో ఔర్వ మహర్షి సగర చక్రవర్తికి గృహస్థ ధర్మాలను బోధిస్తాడు. వంట పూర్తయి, వైశ్వదేవం ముగిసిన వెంటనే యజమాని విస్తరి ముందు కూర్చోరాదట. వాకిట్లోకి వచ్చి, ఒక ఆవు పాలు పితకడానికి ఎంత సమయం పడుతుందో అంతసేపు అతిథి కోసం ఎదురుచూడాలట. దీనినే గోదోహన కాలం అన్నారు. వచ్చినవాని గోత్రమేమిటో, చదువేమిటో, కులమేమిటో అడగకుండా, సాక్షాత్తూ హిరణ్యగర్భుడే వచ్చాడని భావించి అన్నం పెట్టాలని ఆ మహర్షి ఆదేశం. తిథితో నిమిత్తం లేకుండా వచ్చేవాడే అతిథి. ముందుగా ఫోను చేసి, మనకు నచ్చిన మిఠాయి పట్టుకొని వచ్చేవారు చుట్టాలు. వారికి పెట్టడంలో ఆనందం ఉంది కానీ, మహర్షి చెప్పినది వారిని గురించి కాదు.

మరి ఈ కాలంలో వాకిట నిలబడితే ఎవరు వస్తారు అని మీరు అడగవచ్చు. మీరు పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, బొల్లారం ప్రాంతాల గృహస్థులైతే ఆ ప్రశ్నకు సమాధానం మీ మేడమీది గదిలోనే ఉన్నది. 1960వ దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. రావడంతో మొదలై, తరువాతి దశాబ్దాలలో పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు విస్తరించాయి. జొన్న, కంది పండిన నేలమీద పొగగొట్టాలు లేచాయి. శ్రీకాకుళం నుండి, ఒడిశా, బీహార్, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుండి మనుషులు వచ్చారు. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు ఉంటారు. ఒకరు రాత్రి షిఫ్టు ముగించుకొని పడుకునే వేళకు మరొకరు లేచి వెళతారు. గది ఒకటే అయినా కలిసి కూర్చుని తినే పూట ఉండదు.

ఆదివారం పూట కుటుంబమంతా ముంబై రహదారి మీది హోటలుకో, ధాబాకో వెళ్ళి భోజనం చేయడం మనకు సరదా. అందులో తప్పేమీ లేదు. టీవీ లేని బల్ల చుట్టూ అందరూ ఎదురెదురుగా కూర్చునే అవకాశం చాలా ఇళ్ళకు అక్కడే దొరుకుతోంది! కానీ ఆ కార్మికునికి బయటి భోజనం వేడుక కాదు, గత్యంతరం లేని ఏర్పాటు. మెస్సు, కర్రీ పాయింటు, క్యాంటీను ఇవే అతని వంటిళ్ళు. పండుగనాడు వాటిలో చాలావరకు మూతపడతాయి, వండేవారికీ పండుగే కదా. మీ ఇంట్లో బొబ్బట్లు, పులిహోర వండే ఉగాది నాడే, పైగదిలో ఒక యువకుడు బిస్కట్లతో పూట గడుపుతూ ఉండవచ్చు.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో అనేకులు పొరుగు రాష్ట్రాలవారు, ఉత్తరాదివారు. మృతదేహాలను గుర్తించడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు అవసరమయ్యాయి. ఆప్తుల జాడ కోసం ఎక్కడెక్కడి నుండో వచ్చిన కుటుంబాలు రోజుల తరబడి నిరీక్షించాయి. నెలనెలా అద్దె పుచ్చుకొనే మనకు, పైన ఉన్నవారి పూర్తి పేరు, ఊరు, ఇంటిలో ఎవరెవరున్నారన్న సంగతి తెలుసా? గోత్రం అడగవద్దన్నాడు మహర్షి. ఆకలి అడగవద్దనలేదు.

మహాభారతం అశ్వమేధిక పర్వంలో ఒక ముంగిస కథ ఉంది. ధర్మరాజు అశ్వమేధం ముగిసింది, అసంఖ్యాకులకు అన్నదానం జరిగింది. అప్పుడు సగం ఒళ్ళు బంగారమైన ముంగిస ఒకటి వచ్చి, ఈ యజ్ఞం ఆ పేదవాని పిడికెడు పిండికి సాటి రాదన్నది. కురుక్షేత్రంలో కరవు కాలంలో, పొలాలలో రాలిన గింజలు ఏరుకొని బ్రతికే విప్రుడొకడు, భార్య, కొడుకు, కోడలు. ఎన్నో పూటల తరువాత దొరికిన యవలతో పేలపిండి చేసుకొని నలుగురూ పంచుకొన్నారు. సరిగ్గా అప్పుడే అతిథి వచ్చాడు. నలుగురూ వరుసగా తమ తమ వాటాలు ఇచ్చివేశారు. ఆ అతిథి ధర్మదేవతే. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగం దేహం బంగారమైంది. మిగిలిన సగం కోసం అది ఎన్ని యజ్ఞశాలలు తిరిగినా ఫలితం లేకపోయింది.

ఆ పిండి పేరు సక్తు. బీహారు యువకుడు ఊరి నుండి సంచిలో తెచ్చుకొనే శనగల సత్తు పేరు దానినుండి వచ్చినదే. సద్దుల బతుకమ్మ నాడు మన ఆడపడుచులు చేసే సత్తుపిండి పేరూ అదే! ఒడిశా వారి పఖాళ మన చద్దన్నానికి తోబుట్టువు. మనం పరాయివారనుకొనేవారి మూటలో మన పండుగ ప్రసాదమే ఉన్నదన్నమాట. బతుకమ్మను సాగనంపిన తరువాత సద్దులు, మలీద ముద్దలు ఒకరికొకరు పంచుకొనే ఆచారం మనకు ఉండనే ఉన్నది. ఆ పళ్ళెం మరో పదిమెట్లు ఎక్కితే చాలు.

సంస్థలు చేసే సేవను తక్కువ చేయడం లేదు. సంగారెడ్డి సమీపంలోని కందిలో అక్షయపాత్ర వంటశాల ఉన్నది, అక్కడినుండి బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వెళుతోంది. ఆలయాలలో అన్నదానానికి మనం రసీదు తీసుకొంటున్నాము. అవి అవసరమైన పుణ్యకార్యాలు. అయితే అవి అశ్వమేధం వంటివి. ఇంటి గడపలో జరగవలసిన యజ్ఞానికి అవి బదులు కావని ముంగిస మాట. రసీదు తెచ్చుకోవడం సులభం, తలుపు తట్టి "భోజనం చేశావా నాయనా" అని అడగడానికే మొహమాటం.

ఒక్క జాగ్రత్త అవసరం. మనం తినగా మిగిలినది మరునాడు పంపడం అతిథి పూజ కాదు. వండినదానిలో ముందే తీసి పక్కన పెట్టాలి. జొన్నరొట్టె అయితే వేడిగా ఉండగానే ఇవ్వాలి, చల్లారితే గట్టిపడుతుంది. అతడు ఏమి తింటాడో, ఏమి తినడో కనుక్కోవాలి. మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళేవానికి పన్నెండు గంటలకు ముందే కావాలి, రాత్రి షిఫ్టువానికి చిన్న క్యారియరు కట్టి ఇవ్వవచ్చు.

ఔర్వ మహర్షి మరొక మాట కూడా చెప్పాడు. అతిథి తరువాత ఇంటి ఆడపడుచులకు, గర్భిణులకు, రోగులకు, వృద్ధులకు, పిల్లలకు పెట్టి, చిట్టచివరకు యజమాని భుజించాలట. మన ఇళ్ళలో ఆ చివరి విస్తరి యజమానిది కాదు, పొయ్యి దగ్గర నిలబడి వండినామెది. పైగదికి పళ్ళెం తీసుకొని వెళ్ళవలసినవారు, ఆమె వచ్చి కూర్చునేదాకా ఆగవలసినవారు ఎవరో ఆ శ్లోకాల ప్రకారం స్పష్టమే.