కొండకో జాతి: అపలాచియన్ అడవుల్లోని కళ్లులేని పెంకు పురుగులు

రోవ్ బీటిల్స్ అని పిలిచే పెంకు పురుగుల కుటుంబంలో, అంటే స్టాఫిలినిడేలో, ఇప్పటికి 60,000కు పైగా జాతులు నమోదయ్యాయి. వీటిలో చాలావాటికి గట్టి ముందు రెక్కలు పొట్టిగా ఉండి ఉదరంలో ఎక్కువ భాగాన్ని కప్పకుండా వదిలేస్తాయి. వానాకాలపు రాత్రుల్లో దీపాల చుట్టూ చేరి, ఒంటిమీద నలిగితే చర్మాన్ని బొబ్బలెక్కించే పెడెరస్ ఈ కుటుంబంలోదే కనుక తెలుగు పాఠకులకు ఇది బొత్తిగా కొత్తది కాదు. అమెరికాలోని దక్షిణ అపలాచియన్ పర్వతాల్లో రాలిన ఆకుల పొర కింద, నేలలో లోతుగా దిగిన రాళ్ల అడుగున బతికే ఆరియానాప్స్ అనే ప్రజాతి, అంటే దగ్గరి బంధుత్వమున్న జాతుల సమూహం, ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దీపాల దాకా ఎగిరి రావడానికి వీటికి రెక్కలూ లేవు, వెలుతురు చూడడానికి కళ్లూ లేవు.

సెలాఫినే అనే ఉపకుటుంబానికి చెందిన ఈ పురుగుల పొడవు కొద్ది మిల్లీమీటర్లే. తలమీదా వక్షంమీదా సూదిమొనతో పొడిచినట్టు చిన్న గుంటలుంటాయి, మీసాల చివర లావెక్కి ఉంటుంది. ఈ ఉపకుటుంబాన్ని చాలాకాలం వేరే కుటుంబంగా లెక్కించారు. 1995లో ఆల్ఫ్రెడ్ న్యూటన్, మార్గరెట్ థేయర్ శరీర నిర్మాణాన్ని పరిశీలించి దాన్ని రోవ్ బీటిల్స్‌లో కలిపారు.

సాలెపురుగులకు చుట్టాలైన మైట్స్, నేలమీద ఎగిరిపడే స్ప్రింగ్‌టెయిల్స్ వంటి చిన్న జీవులు సెలాఫినే పురుగులకు ప్రధాన ఆహారం. తేమ ఆరని ఆకుల పొరలో ఆ తిండి ఏడాది పొడవునా దొరికేటప్పుడు ఎగిరి వెళ్లాల్సిన అవసరం ఉండదు. కానీ రెక్కలు పోయిన పురుగుకు వెచ్చగా, పొడిగా ఉండే లోయ సైతం దాటరాని హద్దు అవుతుంది, అలా విడిపడిన గుంపులు వేల తరాల్లో క్రమంగా వేర్వేరు జాతులుగా మారిపోతాయి. గుహల పెంకు పురుగుల పరిశోధకుడు థామస్ బార్ 1974లో ప్రచురించిన సమగ్ర గ్రంథంలో ఆరియానాప్స్ ప్రజాతిని వివరంగా వర్ణించాడు. అపలాచియన్లకు దూరంగా, ఆర్కన్సా రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైన మౌంట్ మ్యాగజీన్ కొండ పేరుతోనే పిలిచే ఆరియానాప్స్ శాండర్సొనీ కూడా ఈ ప్రజాతిలోదే.

ఇలాంటి పురుగులను కంటితో వెతికి పట్టడం దాదాపు అసాధ్యం. ఆకులను జల్లెడ పట్టి, కిందికి రాలిన పొడిని గరాటులో అమర్చిన వలమీద పోసి, పైన బల్బు వెలిగిస్తే, పైనుంచి ఆరిపోతున్న పొరను విడిచి తేమకోసం దిగే జీవులు అడుగున పెట్టిన ఆల్కహాల్ సీసాలో పడతాయి; ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆంటోనియో బెర్లీస్ 1905లో ప్రవేశపెట్టిన సాధనానికి తరువాతి రూపమైన ఇది నేటికీ వాడుకలో ఉంది.

ఒక జాతి నివాసమంతా ఒక్క కొండవాలే అయినప్పుడు అక్కడ చెట్లు కొట్టి నేలను ఎండబెట్టడమంటే ఆ జాతినే తుడిచిపెట్టడం. అడవిని చెట్ల లెక్కతో మాత్రమే కొలిచే పద్ధతి అందుకే చాలదు. అటువంటి అడవుల్లో నడిచేవారు రాయిని కదిలిస్తే దాన్ని తిరిగి అదే గుంటలో, అదే వైపు కిందికి వచ్చేలా పెట్టాలి.