ఆర్ట్ థెరపీ

బొమ్మలు వేస్తూ మనసు బరువు దించుకునే చికిత్స ఇది. 1938లో క్షయతో శానటోరియంలో చేరిన ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ మంచం మీదే బొమ్మలు గీస్తూ కోలుకున్నాడు. 1942లో ఈ చికిత్సకు ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడు. బొమ్మ బాగుండాలన్న షరతు లేదు, అదే ఇందులో గొప్ప సంగతి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన అధ్యయనంలో, 45 నిమిషాలు బొమ్మల పనిలో గడిపిన 39 మందిలో ముప్పావు వంతు మందికి ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది.

మహారాష్ట్రలోని భివండీ కామత్‌ఘర్‌లో పవర్‌లూమ్ చప్పుళ్ల మధ్య బతికే తెలుగు పద్మశాలీలకు బొమ్మల ఓదార్పు కొత్తది కాదు. వాళ్ల పూర్వీకుల తెలంగాణ పల్లెల్లో, పటం కథలు చెప్పే కూనపులివారు చేర్యాల బొమ్మల పటం విప్పి, పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథ చెప్పి, నేతగాడి పుట్టుక ఎంత గొప్పదో అతని కళ్లకు కట్టేవారు. తనను తాను ప్రేమించుకోవడం అక్కడే మొదలు.

కుంగుబాటు ముదిరితే మాత్రం బొమ్మలొక్కటే చాలవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం.