కడుపులో తిప్పుతుంటే మనసునీ అడగండి

పిల్ల పరీక్షకి బయల్దేరితే తల్లికి కడుపులో దేవినట్టుంటుంది. ఎవరి కష్టమైనా వింటే కడుపు తరుక్కుపోతుంది. పక్కింటావిడ కొత్త నెక్లెసు పెట్టుకొస్తే కడుపుమంట (పైకి ఒప్పుకోం గానీ!), కన్నబిడ్డల మీద కడుపుతీపి. మనసుకి జరిగేవన్నీ మన పెద్దలు కడుపుకెందుకు అంటగట్టారా అని నేనెన్నడూ ఆలోచించలేదు, మా మేడ మీదికి ఆ అమ్మాయి వచ్చేదాకా.

మాది సత్యవేడు. 2008లో శ్రీ సిటీ మొదలయ్యాక ఈ చుట్టుపక్కల ఊళ్ళ తీరే మారిపోయింది. తెల్లవారకుండానే కంపెనీ బస్సుల హారన్లు. సత్యవేడు, వరదయ్యపాళెం, తడ... ఎక్కడ చూసినా మెడలో కార్డు వేసుకుని బస్సు కోసం నిలబడ్డ ఆడపిల్లలే. మేమూ మేడ మీది గది అద్దెకిచ్చాం. అందులోకొచ్చిన పిల్లది పుంగనూరు దగ్గర పల్లె. ఇరవయ్యొక్కేళ్ళు. సెల్‌ఫోన్లు బిగించే లైనులో పని. ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి.

నాలుగు నెలలు తిరిగేసరికి మొహంలో కళ పోయింది. బస్సు టైమవుతోందంటే చాలు, బాత్రూముకి నాలుగుసార్లు. "కడుపులో ఒకటే తిప్పతా ఉండాదక్కా" అనేది. కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేచిపోయేది. రాత్రి రెండు గంటల బ్రేకులో బిస్కెట్లు, టీ. సెలవు రోజున మాత్రం ఏ బాధా లేదు! దాచుకోవడమెందుకు, పని ఎగ్గొట్టడానికి వేషాలనుకున్నాను నేను. ఒకసారి నోరు జారి అనేశాను కూడా. మారు మాట్లాడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఒక డాక్టరు గ్యాస్ అని మాత్రలిచ్చాడు. ఇంకొకాయన స్కానింగ్ తీయించి, "అన్నీ బాగానే ఉన్నాయి, నీదంతా భ్రమ" అన్నాడు. ఆ మాటతో పిల్ల ఇంకా కుంగిపోయింది. ఒకరోజు షిఫ్టు మానేసి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. "నొప్పి నిజింగానే ఉండాదక్కా, ఎవురూ నమ్మరు" అంది. నా గుండె కలుక్కుమంది. నమ్మనివాళ్ళలో నేనూ ఒకదాన్ని కదా!

మర్నాడే తిరుపతి తీసుకువెళ్ళి, పేగుల జబ్బులు చూసే స్పెషలిస్టుకి చూపించాను. ఆయన ఓపిగ్గా వివరంగా చెప్పారు. దీన్ని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారట. పేగులో పుండూ ఉండదు, స్కానింగులో ఏమీ కనిపించదు, కానీ నొప్పి నిజం. మన జీర్ణకోశం గోడల్లో పది కోట్లకు పైగా నరకణాలున్నాయి. అందుకే దాన్ని రెండో మెదడు అంటారు. దానికీ తలలోని మెదడుకీ మధ్య వేగస్ అనే నరం టెలిఫోను తీగలాగా పనిచేస్తుంది. విశేషమేమిటంటే, ఆ తీగలో నూటికి 80 వంతుల కబుర్లు కింది నుంచి పైకి పోయేవే. అంటే దిగులు కడుపుని చెడగొడుతుంది, చెడిన కడుపు మళ్ళీ దిగులు పెంచుతుంది. అత్తాకోడళ్ళ పోట్లాటలాగా ఎవరు మొదలెట్టారో తేలదు.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలీకి తుపాకి దెబ్బ తగిలి, పొట్టలో పడిన రంధ్రం పూడకుండా ఉండిపోయింది. వైద్యం చేసిన విలియం బ్యూమాంట్ ఆ రంధ్రంలోంచే జీర్ణాశయం పనిచేసే తీరు ఏళ్ళ తరబడి చూశాడు. అతనికి కోపమొస్తే అరుగుదల దెబ్బతినడం కళ్ళారా చూసి 1833లో పుస్తకమే రాశాడు. కోపంతో ఉన్నవాడికి వడ్డించకూడదని మా అమ్మమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే చెప్పేది!

ఇక పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటికీ మనసుకీ కూడా లంకె ఉందట. 2004లో జపాన్‌లోని క్యుషూ యూనివర్సిటీ వాళ్ళు ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల ఒంట్లో ఒత్తిడికి మామూలు ఎలుకలకన్నా ఎక్కువ స్పందన కనిపిస్తుందని గమనించారు. 2017లో ఆస్ట్రేలియాలో డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు జట్లు చేశారు. మామూలు చికిత్సకి తోడు కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలతో భోజనం మార్చిన జట్టులో, 12 వారాలకి మూడోవంతు మంది తేరుకున్నారు. రెండో జట్టులో నూటికి 8 మందే. అలాగని రెండు గరిటెల పెరుగు తింటే దిగులు మాయమైపోతుందనుకోకండి. ఆ మాట చెప్పి పొడులూ డబ్బాలూ అమ్మేవాళ్ళని నేను నమ్మను.

మేం చేసింది చిన్న పని. షిఫ్టు ఏదైనా తిండి వేళ తప్పకుండా చూశాం. అర్ధరాత్రి అరుగుదల మందగిస్తుంది కాబట్టి, రాత్రి షిఫ్టుకి పోయేముందే కడుపునిండా తినాలి. బ్రేకులో తేలికగా ఇడ్లీయో, పెరుగన్నమో. రెండో టీ బంద్. పొద్దున రాగానే చద్దన్నం.

చద్దన్నం ఎవరికి తెలియదంటారా? ఈ కాలం పిల్లలకి తెలియదండీ. రాత్రి అన్నం ఆరీ ఆరగానే నీళ్ళు పోసి, చెంచాడు మజ్జిగ కలిపి మూతపెట్టాలి. ఆలస్యం చేస్తే పాడవుతుంది. పొద్దున్నే ఉప్పు వేసి పిసికి, మజ్జిగ పోసుకుని తాగడమే. ఎండాకాలం మధ్యాహ్నం దాకా ఉంచకండి. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం త్వరగా అరగని రకంగా మారి, పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకి మేత అవుతుందట. మనవైపు ఎర్రగడ్డ నంజుకోవడం అలవాటు గానీ, ఈ జబ్బున్న కొందరికి పచ్చి ఎర్రగడ్డ పడదు, ఉబ్బరం చేస్తుంది. మా పిల్లకీ పడలేదు, మానిపించాను. మధ్యాహ్నం రాగి సంగటి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు, తెల్ల బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. ఒక్కసారిగా పెంచితే కడుపు మొరాయిస్తుంది, పిడికెడుతో మొదలుపెట్టండి.

అయితే మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేపేసే నొప్పి ఉంటే ఇంటి వైద్యాలతో కాలక్షేపం చేయొద్దు. వెంటనే పెద్ద డాక్టరుకి చూపించాలి. పదిహేను రోజులు దాటినా దిగులు వదలకపోయినా, చచ్చిపోవాలన్న మాట నోట వచ్చినా అంతే. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నెంబరది, డబ్బులక్కర్లేదు. మొదటిసారి మా పిల్ల నా పక్కన కూర్చునే మాట్లాడింది. లైనులో టార్గెట్ అందుకోలేనేమోనన్న భయం, ఇంటికి డబ్బు పంపలేకపోతే తమ్ముడి చదువు ఆగిపోతుందన్న బెంగ, అన్నీ ఆరోజే నాకూ తెలిశాయి. ఇన్నాళ్ళూ నేను అడిగితేగా!

ఇప్పుడు పూర్తిగా తగ్గిందని చెప్పను. షిఫ్టు మారే సోమవారం నాడు ఇంకా కడుపు పట్టుకుంటూనే ఉంటుంది. కానీ ఆరోజు తన గదిలో కూర్చోదు. బస్సుకి గంట ముందే కిందికొచ్చి, "అక్కా, సంగటి పెట్టు" అని వంటింటి గడప మీద కూర్చుంటుంది.