గ్రిల్‌ వెనక కొలువు

పేరుకి వైన్‌షాపు. తీరా చూస్తే వైన్‌ సీసాలు ఏ మూలనో నాలుగు కనిపిస్తే గొప్ప. అమ్ముడుపోయేదంతా బ్రాందీ, విస్కీ, రమ్ము... ఎండాకాలమైతే బీరు. కోస్తా పల్లెల్లో పెద్దవాళ్లు ‘బ్రాందీ షాపు’ అంటారు. ఆలోచిస్తే అదే సరైన పేరేమో!

ఆ షాపు గురించి పేపర్లో రాని వారం ఉండదు. లాటరీ, ఎమ్మార్పీ, బెల్టు షాపులు, ఖజానాకొచ్చే కోట్లు... అన్నీ వస్తాయి. రానిదల్లా ఒకటే. ఇనప గ్రిల్‌ సందులోంచి చేయి చాపి సీసా అందించే కుర్రాడి సంగతి. పొద్దుపోయేదాకా నిలబడే అతను ఏం చదివాడు? ఇంట్లో ఏమని చెప్పుకుంటాడు? రేపు ఈ ఉద్యోగం ఉంటుందా?

చివరి ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్‌లో వేలాదిమందికి 2024లో జవాబు దొరికింది. ఆ కథ చెప్పుకోవాలంటే ఐదేళ్లు వెనక్కి వెళ్లాలి.

2019 అక్టోబరు 1న రాష్ట్రంలో ప్రైవేటు మద్యం దుకాణాలు పోయి ప్రభుత్వ దుకాణాలు వచ్చాయి. అంతకుముందున్న 4,380 షాపులు 3,500 అయ్యాయి. బేవరేజెస్‌ కార్పొరేషనే దుకాణదారు. ఒక్కో షాపుకి ఒక సూపర్‌వైజరు, ఇద్దరు ముగ్గురు సేల్స్‌మన్లు. సూపర్‌వైజరుకి డిగ్రీ ఉండాలి, సేల్స్‌మన్‌కి ఇంటర్‌. జీతం ఒకరికి 17,500 రూపాయలు, మరొకరికి 15,000. కాంట్రాక్టు కొలువే. అయినా దరఖాస్తులకు కొదవలేదు. సొంత మండలంలో ఉద్యోగం, పైగా సర్కారు బోర్డు! ‘బీకాం చదివి బ్రాందీ అమ్ముతావుట్రా’ అని నాయనమ్మలు నొచ్చుకున్నా, నెల తిరిగేసరికి జీతం వస్తుందంటే కాదనే ఇల్లు ఏది?

లెక్కే ప్రాణం

షట్టరు పదకొండింటికి లేస్తుంది. జనం పదిన్నరకే చేరతారు. లోపల పని అంతకుముందే మొదలవుతుంది. నిన్న రాత్రి ఎన్ని సీసాలు మిగిలాయి, డిపో నుంచి ఎన్ని పెట్టెలు దిగాయి అన్నది చూసుకోవాలి. క్వార్టర్ల పెట్టెలో 48 సీసాలు, హాఫులైతే 24, ఫుల్లులైతే 12. బీర్లు కూడా పన్నెండే, కానీ ఆ పెట్టె ఎత్తితే నడుముకి తెలుస్తుంది. పన్నెండు కిలోలకు పైమాటే. మూతల మీద హోలోగ్రామ్‌ లేబుళ్లు సరిగా ఉన్నాయా లేదా చూడాలి. ఒక్క సీసా జారిపడి పగిలినా రిజిస్టరులో దానికో కథ రాయాలి.

ఇక అమ్మకం. అప్పట్లో మనిషికి మూడు సీసాలకు మించి ఇవ్వకూడదు. ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లకు అసలు ఇవ్వకూడదు. నూనూగు మీసాల కుర్రాడొచ్చి ‘అన్నా, ఒక బీరు’ అంటే వయసెంతో ముఖం చూసి తేల్చాలి. పైగా ఆ కుర్రాడు పక్కవీధి పిల్లాడే అయి ఉంటాడు. చాలాకాలం చెల్లింపులన్నీ నగదులోనే సాగాయి. చినిగిన నోట్లు, తడిసిన నోట్లు, చిల్లర పేచీలు. సాయంత్రానికి ఆ కట్టలన్నీ లెక్క తేలాలి, బ్యాంకులో పడాలి. తేడా వస్తే జవాబు చెప్పుకోవాల్సింది సూపర్‌వైజరే. నెలకి 17,500 తీసుకునే మనిషి చేతిమీదుగా రోజూ లక్షలు వెళ్తుంటే ఎంత జాగ్రత్తగా ఉండాలో బ్యాంకు క్యాషియర్లను అడగండి. వాళ్లకి కనీసం ఎదుటివాడు తాగి రాడు!

అన్నిటికన్నా ఎక్కువ తిట్లు తెచ్చినవి బ్రాండ్లు. ఏళ్ల తరబడి అలవాటైన పేరు అడిగితే అది ఉండదు. ఉన్న పేరు ఎప్పుడూ విన్నది కాదు. ధరా పెరిగింది. ఏ సరుకు రావాలో, దాని ధరెంతో నిర్ణయించేది పైవాళ్లు. బూతులు తినేది గ్రిల్‌ వెనక ఉన్నవాడు. 2020 మే 4 సంగతి గుర్తుందా? లాక్‌డౌన్‌లో నలభై రోజులు మూతపడ్డ షాపులు ఆ రోజు తెరిచారు. కనుచూపు మేర వరసలు. కరోనా పేరు చెబితేనే వణికే రోజుల్లో ఆ జనానికి చేతికందేంత దూరంలో నిలబడి నోట్లు తీసుకున్నది ఈ కుర్రాళ్లే. ఆ రోజు ధర 25 శాతం పెరిగింది, మర్నాడు మరో 50 శాతం. సోమవారం ఒక ధర చెప్పిన నోటితోనే మంగళవారం ఇంకో ధర చెప్పాల్సి వచ్చింది. అదే నెలలో షాపులు 2,934కి తగ్గాయి.

‘కార్పొరేషన్‌లో చేస్తాడండీ’

పల్లెటూరి షాపులో ఇంకో చిక్కుంది. వచ్చేవాళ్లంతా తెలిసినవాళ్లే. బాబాయిలు, మావయ్యలు, చిన్నప్పుడు చదువు చెప్పిన మాస్టారు. ఎవరు కూలి డబ్బుతో వచ్చారో, ఎవరు ఇంట్లో బియ్యం డబ్బు తెచ్చారో చూడగానే తెలిసిపోతుంది. ‘బాబూ, మా ఆయనొస్తే లేదని చెప్పు నాయనా’ అని ఓ ఇల్లాలు గ్రిల్‌ దగ్గరకొచ్చి బతిమాలితే ఏం చేయాలి? లేదని చెబితే అతను ఊరవతల బెల్టు షాపుకి పోయి ఇంకో పదో ఇరవయ్యో ఎక్కువ పెట్టి కొంటాడు. ఉందని చెబితే రేపు ఆవిడకు ముఖం చూపించలేడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడిన నేల ఇది. 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఇల్లాలి గోడు మాత్రం అలాగే ఉంది. అది వినాల్సిన చోట వినేవాళ్లు లేక సేల్స్‌మన్‌ చెవిన పడుతోంది.

పెళ్లిచూపుల తంతు వేరు. అబ్బాయి ఏం చేస్తాడంటే ‘కార్పొరేషన్‌లో అండీ’ అంటారు తల్లిదండ్రులు. అబద్ధం కాదు కదా! ఏ కార్పొరేషనో రెండో ప్రశ్నలో తేలుతుంది. అక్కడితో కాఫీ కప్పులు కింద పెట్టినవాళ్లూ ఉంటారు. తాగే అల్లుడు ఫర్వాలేదు గానీ అమ్మే అల్లుడు వద్దంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

తెలంగాణలో దుకాణాలు ప్రైవేటువే. 2,620 షాపులు, రెండేళ్ల లైసెన్సు, లాటరీ. దరఖాస్తు రుసుము 2023లో 2 లక్షలు, 2025లో 3 లక్షలు. రాకపోతే ఆ డబ్బు తిరిగిరాదు. లాటరీలో ఓనరు మారితే కౌంటర్లో మనిషి మారొచ్చు, మారకపోవచ్చు. అది కొత్త ఓనరు దయ. అక్కడి కుర్రాళ్లకు ఇది ముందే తెలుసు. ఆంధ్రా కుర్రాళ్లు సర్కారు బోర్డు చూసి వేరేలా అనుకున్నారు.

2024లో ప్రభుత్వం మారింది, మద్యం విధానమూ మారింది. మళ్లీ ప్రైవేటు. 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్కోదానికి 2 లక్షలు. అంటే సీసా అమ్మకముందే సుమారు 1,800 కోట్లు! మా సంగతేంటని సూపర్‌వైజర్లు, సేల్స్‌మన్లు ఆందోళనలకు దిగారు. ఉద్యోగ భద్రత కావాలన్నారు, వేరే శాఖల్లో సర్దమన్నారు. అక్టోబరు 14న లాటరీ తీశారు. 16న కొత్త షాపులు తెరుచుకున్నాయి. పాలసీ తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. పాలసీ రాసినప్పుడు అందులో షాపులెన్ని, వేళలేమిటి, రుసుమెంత అని పేజీలకు పేజీలు ఉన్నాయి. ఐదేళ్లు లెక్కలు రాసినవాళ్లకు నాలుగు వాక్యాలు కేటాయించి ఉండాల్సింది.

ఇప్పుడు వాళ్ల బయోడేటాలో ఐదేళ్లున్నాయి. స్టాకు, క్యాషు, బ్యాంకు, రిజిస్టర్లు, వందమంది వరస, అందులో పదిమంది గొడవ... ఒక సూపర్‌మార్కెట్‌ నడపడానికి ఇంతకన్నా అనుభవం ఏం కావాలి? అయినా ‘ఎక్కడ చేశారు’ అన్న గడిలో ఏం రాయాలన్నది తేల్చుకోలేక పెన్ను ఆగుతుంది. వయసు పెరిగినకొద్దీ మరో సర్కారు పరీక్ష రాసే అవకాశమూ తగ్గుతోంది.

మళ్లీ కౌంటర్లోకే వెళ్లాలనుకుంటే పని తెలిసిన మనిషి ఏ ఓనరుకైనా కావాలి. కాకపోతే ఇప్పుడు షట్టరు పదింటికే లేస్తుంది, రాత్రి పదింటికి గానీ దిగదు. పన్నెండు గంటలు. ఆ షాపుల లైసెన్సు గడువు 2026 సెప్టెంబరు 30 వరకని రాసుంది.